గ్రామసీమలలో టెలిఫోను సౌకర్యము - పంచాయతీల బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



మన దేశములో టెలిఫోను వ్యాప్తిని గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా ఈ శిబిర నిర్వాహకులు నన్ను కోరినారు. ఈ విషయమై క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని మీకు తోచవచ్చును. ఇచ్చట కూర్చున్నవారిలో ఫోను లేనివారు అరుదు. నేను లేచి నిలుచులోపలనే రెండు మూడు ఫోనులు మ్రోగినవి. కనుక ఉన్నవారిని గురించి గాక, లేనివారిని గురించి ఆలోచించుటకు ఈ కొద్ది సమయమును వినియోగింతము. ఈ రాత్రి మీ గ్రామములో అందరికిని ఒక అత్యవసర వార్త తెలియవలసివచ్చినదనుకొనుడు. ఆ వార్త ఏ ఇంటి వరకు పోయి ఆగిపోవును? ఈ ప్రశ్నకు జవాబు ఏ శాఖవారి లెక్కలలోను దొరకదు. అది మీకే తెలియును. ఈ ప్రసంగము ముగియులోపల ఆ ఇల్లు మీ మనస్సునకు తట్టినచో నా శ్రమ ఫలించినట్లే.

నగరములకు వచ్చిన తంతి

మన దేశములో తంతి మార్గము 1851లో కలకత్తాకును, హుగ్లీ నదిపై దానికి దిగువనున్న డైమండ్ హార్బరుకును మధ్య ప్రారంభమైనది. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజీలు వెలసినవి. కలకత్తా ఎక్స్చేంజికి ఆనాడు ఉన్న చందాదారులు 93 మంది మాత్రమే. టెలిఫోను అప్పుడు వర్తకులకును, అధికారులకును ఉద్దేశింపబడిన సాధనము. గ్రామము ఎవరి ఊహలోను లేదు. స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశము మొత్తముమీద ఉన్న టెలిఫోనులు సుమారు 80 వేలు. అనగా నాలుగువేల మందికి పైగా ప్రజలకు ఒక్క టెలిఫోను అన్నమాట.

ఆ తరువాతి రోజులు మీలో పెద్దలకు జ్ఞాపకముండును. పల్లెలో ఒక ఇంటికి తంతివార్త వచ్చినదన్న చాలును, విప్పి చదువకమునుపే ఏడ్పులు మొదలయ్యెడివి. దూరపు ఊరితో మాట్లాడవలెనన్న తపాలా కార్యాలయమునకు పోయి ట్రంకు కాలు బుక్కుచేసి, పిలుపు కలియువరకు గంటల తరబడి అరుగుమీద కూర్చుండవలసివచ్చెడిది. ఆపరేటరు సహాయము లేకయే దూరపు ఊరిని నేరుగా పిలుచు ఎస్.టి.డి. పద్ధతి 1960 నవంబరులో లక్నో, కాన్పూరు నగరముల మధ్య ప్రారంభమైనది. కాని అదియు చాలకాలము నగరముల సౌకర్యముగానే యుండినది. టెలిఫోనుకై దరఖాస్తు పెట్టినవారు ఏండ్ల తరబడి వరుసలో నిలిచియుండిరి. 1991 నాటికి కూడ దేశములోని కనెక్షన్లు సుమారు 50 లక్షలు. వానిలో అధికభాగము పట్టణములవే.

పల్లెకొరకు తయారైన యంత్రము

ఈ స్థితి మారుటకు మొదటి కారణము ఒక చిన్న యంత్రము. అంతవరకు విదేశములనుండి వచ్చుచుండిన ఎలక్ట్రానిక్ ఎక్స్చేంజీలు పెద్ద నగరములకు తగినవి. వానికి చల్లని గదులు కావలెను. నిరంతరము విద్యుత్తు కావలెను. మన పల్లెలలో ఎండ ఎక్కువ, దుమ్ము ఎక్కువ, కరెంటు ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో తెలియదు. 1984లో కేంద్ర ప్రభుత్వము సి-డాట్ అను పరిశోధన సంస్థను నెలకొల్పినది. అందలి మన యువ ఇంజనీర్లు 128 లైన్లు గల చిన్న గ్రామీణ ఎక్స్చేంజిని రూపొందించిరి. దానికి చల్లని గది అవసరము లేదు. ఆ విధమైన ఎక్స్చేంజి మొదట 1986లో కర్ణాటకములోని కిత్తూరున నెలకొల్పబడినది. పిమ్మట అట్టివి దేశమున వేలాది గ్రామములకు వ్యాపించినవి.

దానితోపాటు పసుపుపచ్చని బోర్డులతో ఎస్.టి.డి. బూతులు వీధి వీధిని వెలసినవి. వాని కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యమిచ్చుటచే ఎందరో గౌరవముగా జీవించుటకు ఆధారము దొరకినది. సొంతమునకు టెలిఫోను లేనివాడు కూడ రూపాయలు చెల్లించి దూరముననున్న కుమారునితో మాటలాడగలిగినాడు. పల్లె పరిస్థితులను గ్రహించి తయారుచేసిన సాధనము మాత్రమే పల్లెలో నిలుచునని మనము దీనినుండి నేర్వవలసియున్నది.

లెక్కలో ఉన్నది, పనిలో లేనిది

రెండవ పాఠము ఇంతకంటె ముఖ్యమైనది. 1997 నాటికి ప్రతి గ్రామమునకు టెలిఫోను అందజేయవలెనని 1994 జాతీయ టెలికాం విధానము లక్ష్యముగా పెట్టుకొన్నది. గడువు లోపల అది నెరవేరలేదు. లక్ష్యమును త్వరగా చేరుటకై చాల గ్రామములలో 'మార్' అను రేడియో పద్ధతిని అవలంబించిరి. ఒక కేంద్రస్థానముననున్న రేడియో యంత్రము కొద్దిపాటి మార్గములను చుట్టునున్న అనేక గ్రామములకు పంచి ఇచ్చుట ఆ పద్ధతి. తంతి లాగవలసిన పని లేదు కనుక అది సులభముగా కనిపించినది. కాని అది నమ్మదగినదిగా పనిచేయలేదు. కేంద్రస్థానమున లోపము వచ్చినచో చుట్టునున్న గ్రామములన్నియు ఒకేసారి మూగవోయినవి. పల్లెలో బ్యాటరీ చెడినచో బాగుచేయువాడు దూరమునుండి రావలెను.

ఫలితముగా ఎన్నో గ్రామములు లెక్కలో టెలిఫోను గల గ్రామములుగా నిలిచినవి, రిసీవరు చెవికి పెట్టుకొన్న ఏ శబ్దమును లేదు. తుదకు అట్టి టెలిఫోనులు సుమారు 1 లక్షా 86 వేలను తొలగించి, వేరు పద్ధతితో పనిచేయువానిని అమర్చవలసివచ్చినది. అందుకు కావలసిన ధనము సార్వత్రిక సేవా నిధినుండి వచ్చినది. 2002లో అమలులోనికి వచ్చి, 2003లో చట్టబద్ధమైన ఈ నిధికి టెలిఫోను సంస్థలు తమ రాబడిలో నూటికి అయిదు రూపాయల చొప్పున చెల్లించుచున్నవి. 2023 టెలికాం చట్టము ననుసరించి దానికి డిజిటల్ భారత్ నిధి అను పేరు వచ్చినది. పట్టణములో మాట్లాడువాడు చెల్లించు సొమ్ములో కొంతభాగము, లాభము లేదని ఏ కంపెనీయు పోని పల్లెకు చేరవలెనన్నది దీని ఆశయము. కనుక మీ గ్రామమునకు సౌకర్యము కోరుట ఎవరినో దానమడుగుట కాదని మీరు గ్రహింపవలెను.

చేతిలోనికి వచ్చిన టెలిఫోను

1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి శ్రీ జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్ర మంత్రి శ్రీ సుఖ్‌రాంతో సెల్‌ఫోనులో మాటలాడిరి. మన దేశమున సెల్‌ఫోను ఆనాడు ఆరంభమైనది. రద్దీ వేళలలో నిమిషమునకు పదహారు రూపాయల వరకు ఖర్చయ్యెడిది. ఇతరులు పిలిచినను ఎత్తినవాడే సొమ్ము చెల్లించవలెను. అది ధనికుల అలంకారముగా మిగిలిపోవునని పెక్కురు తలచిరి.

అట్లు జరుగకపోవుటకు కారణములు మూడు. మొదటిది పద్ధతి యొక్క స్వభావము. తంతి టెలిఫోను ఇంటింటికి ఒక తీగ కోరును. సెల్‌ఫోను పద్ధతిలో ప్రాంతమంతయు చిన్న చిన్న గడులుగా విభజింపబడును. ఆ గడినే సెల్ అందురు. గడికొక టవరు. ఆ టవరు నీడలోనున్న వందలాది ఇండ్లకు వేరు తీగలు అక్కరలేదు. రెండవది ప్రభుత్వ విధానము. మొదట కంపెనీలు పెద్దమొత్తములు వేలము పాడి, ఆ భారము మోయలేక తల్లడిల్లినవి. 1999 నూతన విధానముతో ముందుగా చెల్లించు రుసుమునకు బదులు రాబడిలో వాటా తీసికొను పద్ధతి వచ్చినది. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ధరలను, నాణ్యతను పర్యవేక్షించుచున్నది. 2003 మే నెలనుండి పిలిచినవాడే సొమ్ము చెల్లించు నియమము వచ్చినది. పిలుపునకు జవాబు చెప్పుటకు పైసా ఖర్చు లేదనగానే కూలివాని చేతిలోనికి కూడ ఫోను వచ్చినది. మూడవది పోటీ. కంపెనీలు ఒకదానిని మించి ఒకటి ధరలు తగ్గించినవి.

2004లో సెల్‌ఫోనుల సంఖ్య తంతి టెలిఫోనుల సంఖ్యను మించినది. 2015లో మొత్తము కనెక్షన్లు నూరు కోట్లు దాటినవి. 2016 తరువాత ఇంటర్నెట్టు ధరలు కూడ బాగుగా పడిపోయినవి. 2013 జూలైలో మన దేశమున తంతివార్తల సేవ ఆగిపోయినది.

ఈ ప్రగతిలో కళంకములు లేకపోలేదు. రేడియో తరంగముల మార్గములు ప్రజల ఆస్తి. వానిని పంచిన తీరు న్యాయముగా లేదని 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేసినది. పోటీలో నిలువలేక పెక్కు సంస్థలు మూతబడినవి. ఒకప్పుడు పదికి పైగానున్న కంపెనీలకు బదులు నేడు ముఖ్యముగా మూడు ప్రైవేటు సంస్థలు, ఒక ప్రభుత్వ సంస్థ మిగిలినవి. 2024 జూలైలో ప్రైవేటు సంస్థలు ధరలు పెంచినవి. నెలసరి రీఛార్జి చేయించుకొనలేక ఫోనును మూలబెట్టిన ముసలమ్మ మీ ఊరిలో కూడ ఉండవచ్చును.

తంతి నశించలేదు

సెల్‌ఫోను రాకతో తంతి టెలిఫోను క్షీణించినమాట నిజము. 2006 ప్రాంతమున సుమారు 5 కోట్లున్న ఆ కనెక్షన్లు 2020 నాటికి సుమారు 2 కోట్లకు దిగిపోయినవి. అంతమాత్రమున తంతి కాలము చెల్లినదనుకొనుట పొరపాటు. మీ ఫోనునుండి మాట గాలిలో టవరు వరకే పోవును. టవరునుండి ఆవల దానిని మోయునది చాలచోట్ల భూమిలోనో, స్తంభములమీదనో పోవు గాజుపోగు, అనగా ఫైబరు. ఫైబరు చేరని టవరునకు ఇరుకైన రేడియో మార్గమే గతి. సాయంకాలమగుసరికి అందరును ఫోనులు తెరువగా, నాలుగు బండ్లు పోవు బాటమీద నలుబది బండ్లు వచ్చినట్లగును. ఊరిలో టవరున్నను విద్యార్థికి పాఠము తెరచుకొనకపోవుటకు ఇది ఒక ముఖ్యమైన కారణము. ఇటీవల ఇండ్లకు ఫైబరు వచ్చుచున్నందున తంతి కనెక్షన్లు మరల పెరిగి, 2024 మార్చి నాటికి 3 కోట్లు దాటినవి.

సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో మంజూరు చేసినది. దానినే నేడు భారత్‌నెట్ అనుచున్నారు. దానిని మొదట ప్రయోగించిన మూడు బ్లాకులలో ఒకటి ఆనాటి విశాఖపట్టణము జిల్లాలోని పరవాడ అగుట మనకు గర్వకారణము. తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో విద్యుత్ స్తంభములమీదుగా ఫైబరు లాగిరి. తెలంగాణములో మిషన్ భగీరథ నీటిగొట్టములకై త్రవ్విన కాలువలలోనే ఫైబరును పరచుటకు పూనుకొనిరి. నీటికొరకు ఒకసారి త్రవ్విన భూమిని మాటకొరకు మరల త్రవ్వనక్కరలేదన్న ఈ యోచన ప్రశంసనీయమైనది. లోపములను సవరించి పథకమును పూర్తిచేయుటకై 2023 ఆగస్టులో 1 లక్షా 39 వేల కోట్ల రూపాయల క్రొత్త కార్యక్రమము మంజూరైనది.

సగటు చాటున మిగిలినవారు

2024 మార్చి లెక్కల ప్రకారము దేశములోని కనెక్షన్లు సుమారు 120 కోట్లు. పట్టణములలో నూరుమందికి 133 కనెక్షన్లుండగా, గ్రామములలో 59 మాత్రమే యున్నవి. ఈ 59ని కూడ జాగ్రత్తగా చదువవలెను. ఒకే మనిషి వద్ద రెండు కనెక్షన్లుండవచ్చును. కనుక నూటికి 59 మంది చేతిలో ఫోనున్నదని దీనికి అర్థము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయముగా వాడుకొను ఫోను గల గ్రామీణ స్త్రీలు నూటికి 47 మంది కంటె తక్కువయని తేలినది. ఇంట ఫోనున్నది గాని అది ఇంటాయన జేబులో పొలమునకు పోవుచున్నది.

ఇది సౌఖ్యమునకు సంబంధించిన లోపము మాత్రమే యని తలపరాదు. 2005 ఆగస్టు 15న ఆంధ్ర ప్రదేశ్‌లో ఆరంభమైన 108 వాహన సేవ ఎన్నో ప్రాణములను కాపాడినది. ఆ బండిని పిలుచుటకు ఒక ఫోను కావలెను. పగటివేళ ఇంట నొప్పులు పడుచున్న గర్భిణి చేతికి అందునంత దూరములో అది యుండవలెను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసినపుడు వేలాదిమంది మరణించిరి. అంతటి ప్రమాదము తమమీదికి వచ్చుచున్నదని తీరమునగల నిరుపేదలకు చెప్పిన సాధనము లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకినపుడు కష్టము వేరు విధముగా వచ్చినది. ప్రజల చేతులలో ఫోనులున్నవి, కాని కరెంటు పోయి టవర్లు మూగవోయినవి. ఒక ప్రాంతములోని ఫోనులన్నిటికి ఒకేసారి ప్రమాద హెచ్చరిక పంపు పద్ధతిని 2023లో దేశమంతట పరీక్షించిరి. ఆ సందేశము క్షణములో ఊరికి చేరును. కాని ఊరిలో ఫోనులేని గుడిసెకు దానిని చేర్చవలసినది ఎవరు?

పంచాయతీ చేయదగిన పనులు

మిత్రులారా, టవర్లు నిలుపుట, తరంగములు పంచుట మన పని కాదు. ఐనను పంచాయతీ పూనుకొననిచో జరుగని పనులు కొన్ని యున్నవి.

మొదటిది, మీ గ్రామము యొక్క నిజమైన లెక్క మీరే తీయుడు. శివారు పల్లెలు, తండాలు, గూడెములు ఒక్కొక్కటిగా తిరిగి, ఎచ్చట సిగ్నలు అందదో, ఎవరి ఇంట ఫోను లేదో వ్రాసికొనుడు. టవరున్న గ్రామమని కాగితముమీద ఉన్నను, కొండ చాటుననున్న గూడెమునకు ఆ టవరు లేనట్లే. 4జీ సేవ లేని 24,680 గ్రామములకు దానిని అందించుటకై 2022 జూలైలో కేంద్రము 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అంతకుముందు 2021 నవంబరులో మంజూరైన మరియొక పథకమున ఆంధ్ర ప్రదేశ్ ఏజెన్సీ గ్రామములు కూడ చేరియున్నవి. మీ పల్లె సంగతి గ్రామసభలో తీర్మానించి, జిల్లా కలెక్టరుకును టెలికాం శాఖకును పంపుడు. నోటిమాటకంటె పేర్లు, ఇండ్ల సంఖ్య గల తీర్మానమునకు బలమెక్కువ.

రెండవది, టవరు విషయమున భయమునకు గాని పక్షపాతమునకు గాని చోటీయకుడు. టవరు తరంగములవలన హాని కలుగునని కొందరు ఆందోళన పడుదురు. 2012 సెప్టెంబరు నుండి మన దేశమున అనుమతించు పరిమితి, అంతర్జాతీయ సంఘము సూచించిన దానిలో పదవ వంతు. సందేహమున్నచో తరంగ్ సంచార్ అను ప్రభుత్వ ఏర్పాటు ద్వారా రుసుము చెల్లించి కొలిపించుకొనవచ్చును. కొలిపించుడు, ఫలితమును అందరియెదుట చదువుడు. అటుపిమ్మట నిర్ణయించుడు.

మూడవది, పంచాయతీ కార్యాలయమునకు వచ్చిన ఫైబరును కాపాడుడు. పెట్టె గోడకు వ్రేలాడుచుండగా కరెంటు లేక, తాళముచెవి దొరకక, అది దుమ్ము పట్టియుండుట ఊరికి అవమానము. నేను ముందు చెప్పిన మూగ టెలిఫోనుల కథ మీ గోడమీద మరల జరుగనీయకుడు. రోడ్డుకో, మురుగుకాలువకో త్రవ్వుటకు మునుపు ఫైబరు ఎచ్చట పోవుచున్నదో విచారించుడు. ఇందుకై 2023 మార్చిలో కేంద్రము ఒక ఫోను యాప్‌ను కూడ ప్రవేశపెట్టినది. గడ్డపార వేటు ఒక్కటి పడినచో నాలుగు గ్రామముల బడి, బ్యాంకు, చౌకడిపో పనులు ఆగిపోవును.

నాలుగవది, మోసములనుండి ప్రజలను కాపాడుడు. బ్యాంకు అధికారినని, పోలీసునని చెప్పి, ఫోనుకు వచ్చిన ఓటీపీ సంఖ్యను అడిగి సొమ్ము కాజేయువారు అధికమైనారు. ఆ సంఖ్యను ఎవరికిని చెప్పరాదని ప్రతి గ్రామసభలోను చాటింపుడు. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, సొమ్ము నిలుపుటకు అంత అవకాశము గలదు. ఆ సంఖ్యను పంచాయతీ గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఫోను లేని ఇంటికి మాట చేర్చు బాధ్యతను పేరు పేరున అప్పగింపుడు. పది ఇండ్లకొక మనిషిని నియమింపుడు. వారిలో స్త్రీలు తప్పక ఉండవలెను. హెచ్చరిక వచ్చినచో ఎవరు ఏ తలుపు తట్టవలెనో ముందుగానే నిర్ణయించుడు. కరెంటు పోయిన రాత్రి దండోరా వేయు డప్పునకు నేటికిని పని కలదు. దానిని చిన్నచూపు చూడకుడు.

కలకత్తాలో 93 మందితో మొదలైనది నేడు 120 కోట్లకు చేరినది. ఇది దేశము గర్వింపదగిన ప్రగతి. కాని పిలుపు అందక ఒక ప్రాణము పోయిన ఇంటివారికి ఈ సంఖ్య ఓదార్పు కాజాలదు. నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మీలో చాలమందికి ఒక ఇల్లు జ్ఞాపకము వచ్చియుండును. శిబిరము ముగిసి ఊరు చేరిన తరువాత ముందుగా ఆ ఇంటికి పోయి, మీ సంఖ్యను ఒక కాగితముమీద వ్రాసి ఇచ్చి, పొరుగున ఫోను గలవారిని వారికి చూపి రండు. మిగిలిన పనులు ఆ మరునాడు ఆరంభింపవచ్చును.